హాగరును పేరు పెట్టి పిలిచిన దేవుడు

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యాన భాగములు: ఆదికాండము 16, 21 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 23:15, 16)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఇంటి దగ్గర కూర్చుని వింటున్న పెద్దలకు, మగ్గం దగ్గర, అంగడిలో, చీనీ తోటలో పని చేసుకుంటూ వింటున్న సహోదరులకు, సముద్రం అవతల కువైట్‌లో ఎవరి వంటింట్లోనో గిన్నెలు తోముతూ, ఫోను చిన్నగా పెట్టుకొని వింటున్న సహోదరీలకు ప్రత్యేకంగా శుభములు తెలియజేస్తున్నాను. ఈ దినపు మాట ముఖ్యంగా మీ కోసమే. మీరు ఇంటి దగ్గర విడిచివెళ్ళిన వారి కోసం కూడా.

పరిశుద్ధ గ్రంథంలో ఒక పనిమనిషి ఉంది. ఆమె ఐగుప్తు దేశస్థురాలు. పుట్టిన ఊరు విడిచి, కనాను దేశంలో పరాయివారి ఇంట్లో పని చేస్తోంది. ఆమె పేరు హాగరు. ఆదికాండము 16వ అధ్యాయం నిదానంగా చదవండి. ఒక సంగతి మీకు కనబడుతుంది. ఆ ఇంటి యజమానురాలు శారయి మాట్లాడినప్పుడు హాగరు పేరు ఎత్తదు. దాసి అనే అంటుంది. అబ్రాము మాట్లాడినా అంతే. ఆ ఇంట్లో ఆమెకు పని ఉంది గాని పేరు లేదు. శారయి ఆమెను శ్రమపెట్టింది, ఆమె పారిపోయింది. షూరు మార్గంలో, అరణ్యంలో, నీటి బుగ్గ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు దేవుని దూత వచ్చాడు. వచ్చి మొట్టమొదట ఏం చేశాడు? ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఎక్కడనుంచి వస్తున్నావని, ఎక్కడికి పోతున్నావని అడిగాడు.

ప్రియులారా, ఈ రెండు ప్రశ్నలూ మన కడప జిల్లా స్త్రీలకు కొత్తవి కావు. విమానాశ్రయంలో అధికారి అడుగుతాడు. కువైట్ వీధిలో పోలీసు అడుగుతాడు. ఎంబసీ గుమాస్తా అడుగుతాడు. అయితే వారు అడిగేది కాగితం చూడడానికి. దేవుడు అడిగింది ఆమె కథ వినడానికి. ఈ తేడాను మీ మనస్సులో ఉంచుకొనండి. మన ధ్యానమంతా దీని మీదనే నిలుస్తుంది.

మొదటిగా, వీరు ఎందుకు వెళ్తున్నారో ఆలోచిద్దాం. అబ్రాము తన ఊరిలో కరువు భరించలేక ఐగుప్తుకు వెళ్ళాడని 12వ అధ్యాయంలో ఉంది. యాకోబు కుమారులు ధాన్యం కోసం ఐగుప్తుకు వెళ్ళారు. బేత్లెహేములో కరువు వస్తే ఎలీమెలెకు, నయోమి తమ ఇద్దరు కుమారులను తీసుకొని మోయాబుకు వెళ్ళారు. వీరిలో ఎవరూ విహారానికి పోలేదు. మన సీమ సంగతీ అంతే. వాన మొహం చాటేస్తే శెనక్కాయ పోతుంది. బోరు మీద బోరు వేయించి, నీళ్ళు పడక, చీనీ చెట్లు నిలువునా ఎండిపోతే అప్పు మిగులుతుంది. మగ్గం మీద వచ్చే కూలి ఇంటిల్లిపాదికీ చాలదు. ఆడపిల్ల పెళ్ళి వస్తుంది, ఆసుపత్రి ఖర్చు వస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక మాట పుడుతుంది: కువైట్ పోతే? రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు ఈ దారి ముందే పడింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలకూ అది పాత దారే. మగవారు డ్రైవర్లుగా, కట్టడం పనులకు, మేకలు కాయడానికి వెళ్తే, ఆడవారు ఇంటి పనికి వెళ్తున్నారు. అక్కడ వారిని ఖద్దామా అంటారు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఆ దారి ఎంత ప్రమాదమో లోకానికి తెలిసింది. సుమారు లక్షా డెబ్బై వేలమంది భారతీయులను జోర్డాను దేశపు అమ్మాన్ పట్టణం మీదుగా విమానాలలో తీసుకువచ్చారు. ఒక్క పూటలో జీతం, సామాను, ఆశ అన్నీ పోగొట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో. అయినా యుద్ధం ముగిశాక మళ్ళీ ఆ దారి నిండింది. ఎందుకు? ఇంటి దగ్గర అప్పు తీరలేదు గనుక.

రెండవదిగా, ప్రభుత్వం ఒక నియమం మార్చినప్పుడు ఒక ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. దీన్ని రాజకీయంగా కాదు, కాపరి కంటితో చూద్దాం.

మన దేశంలో 1983లో వలసల చట్టం వచ్చింది. పదవ తరగతి చదవని వారి పాసుపోర్టు మీద వలస అనుమతి అవసరం అని ముద్ర ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ మొదలైన 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. అలాంటి పాసుపోర్టు ఉన్న స్త్రీకి ముప్పై ఏండ్లు నిండకపోతే ఆ అనుమతి ఇవ్వరు. 2015లో ఈ-మైగ్రేట్ అనే కంప్యూటర్ పద్ధతి తప్పనిసరి అయింది. ఈ స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు కాక ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్ అనే సంస్థకు అప్పగించారు. ఇంటి పనికి మన స్త్రీని తీసుకునే విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలనే నియమం కూడా ఉండేది. కువైట్ విషయంలో 2017లో దాన్ని తీసివేశారు.

ప్రియులారా, ఈ నియమాల ఉద్దేశం మంచిదే. చిన్న వయసు ఆడపిల్లలు మోసపోకూడదని, ఎవరి ఇంట్లో పని చేస్తోందో ప్రభుత్వానికి తెలియాలని పెట్టారు. అందుకు మనం అధికారులకు కృతజ్ఞులం. అయితే ఇరవై ఐదేండ్ల తల్లి ఇంటి దగ్గర ఉన్న అప్పు ముప్పై నిండే వరకు ఆగదు. వడ్డీ వ్యాపారి ఆమె వయసు అడగడు. ఆ సందులో ఏజెంటు దూరతాడు. పనికి కాక చుట్టపు చూపుకు పోయేవారికి ఆ అనుమతి అక్కరలేదు గనుక, విజిటింగ్ వీసా మీద దుబాయికో మరొక చోటికో ఎక్కించి, అక్కడనుంచి చేతులు మారుస్తాడు. లేక వయసు పెంచి కాగితాలు పుట్టిస్తానంటాడు. అలా వెళ్ళిన స్త్రీ పేరు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఉండదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఆమె పక్షంగా చూపడానికి ఒక్క ఒప్పంద పత్రం ఉండదు. కాపాడడానికి కట్టిన గోడకు అవతల ఆమె ఒంటరిగా నిలబడుతుంది. శారయి ఇంటికీ ఐగుప్తుకూ మధ్య, అరణ్యంలో నిలబడిన హాగరు వలె.

ఇక అవతలి దేశపు నియమాలు. కువైట్‌లో ఇంటి పనివారికి ఇచ్చే వీసా వేరు. దాన్ని ఇరవయ్యవ ఆర్టికల్ వీసా అంటారు. ఆ వీసా మీద ఉన్న స్త్రీ ఉండే హక్కు, అంటే ఆకామా, ఆమెను పిలిపించుకున్న యజమాని చేతిలో ఉంటుంది. అతడే కఫీల్. ఆమె ఆ ఇల్లు విడిచి బయటికి వస్తే, పారిపోయిందని కఫీల్ ఒక ఫిర్యాదు ఇస్తే చాలు, ఆకామా పోతుంది. అప్పటినుంచి ఆమె మన వాళ్ళ భాషలో ఖల్లివల్లి. ఏ పోలీసు కంట పడినా నిర్బంధమే. 2015లో కువైట్ ప్రభుత్వం ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక దినం సెలవు, ఏడాదికి ముప్పై దినాలు జీతంతో సెలవు, పాసుపోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. ఇవి మంచి నియమాలు. కాని తలుపు లోపలివైపు గడియ పెట్టిన ఇంట్లో, నాలుగు గోడల మధ్య, చట్టం అమలవుతోందో లేదో ఎవరు చూస్తారు? శుక్రవారం కువైట్ పట్టణంలోని ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ఆరాధన జరుగుతుంది. అక్కడికి రాగలిగిన సహోదరి ధన్యురాలు. వారానికి ఒక పూటైనా గడప దాటని వారు ఎందరు!

కుటుంబం సంగతి కూడా వినండి. 2022లో కువైట్ కుటుంబ వీసాలు ఆపివేసింది. 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు నెలకు 800 దినార్ల జీతం ఉన్నవాడు భార్యాబిడ్డలను పిలిపించుకోవచ్చు అన్నారు. అటు 800, ఇటు 60. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద ఇంజనీరు తన బిడ్డ పక్కన పడుకోగలడు. ఆ ఇంజనీరు ఇంటి గిన్నెలు తోమే తల్లి, తన బిడ్డను ఫోను అద్దంలోనే ముద్దు పెట్టుకోవాలి. సౌదీ అరేబియాలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టారు. ఏటేటా పెంచి 2020 నాటికి 400 చేశారు. అది కట్టలేక ఎన్నో కుటుంబాలు తల్లీబిడ్డలను ఇంటికి పంపివేశాయి. అమెరికాకు పిల్లలను పంపినవారు మనలో కొందరున్నారు. 2025 సెప్టెంబరులో హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమని అక్కడి అధ్యక్షుడు ప్రకటించినప్పుడు, ఆ రాత్రి ఎన్ని తెలుగు ఇళ్ళలో నిద్ర లేదో మీకు తెలుసు. చదివినవానికైనా చదవని ఆమెకైనా, ఎక్కడో ఒక గదిలో ఒక సంతకం పడితే ఇక్కడ ఒక ఇంటి పొయ్యి వణుకుతుంది.

అప్పుడప్పుడు క్షమాభిక్ష వస్తుంది. కువైట్ 2011లో, 2018లో, 2020లో, మళ్ళీ 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 వరకు అలాంటి గడువు ఇచ్చింది. ఆకామా లేనివారు ఆ గడువులో దేశం విడిచిపోతే జరిమానా ఉండదు, తరువాత సరైన వీసాతో తిరిగి రావచ్చు. 2020లో భారతీయులకు ఏప్రిల్ 16 నుంచి 20 వరకు అయిదు దినాలు కేటాయించారు. కాని కరోనా వల్ల మన దేశం మార్చిలోనే విమానాలు ఆపివేసింది. పేర్లు ఇచ్చినవారు శిబిరాలలో, ఎండలో, వారాల తరబడి ఎదురుచూశారు. ఆ దేశం పొమ్మంది, ఈ దేశం ఇంకా ఆగమంది. మధ్యలో మన అక్కచెల్లెళ్ళు. ఆ దినాలలో ఒక అవ్వ ప్రార్థన కూడికకు వచ్చి చెప్పిన మాట వినండి: "అయ్యగారూ, మా యమ్మి పేరు రాసుకోండయ్యా. ఆకామా అయిపోయి మూడేండ్లయిందంట. ఇప్పుడు పోనిస్తామన్నారంట, ఇమానం లేదంట. బిడ్డ వాళ్ళమ్మ మొగం మర్సిపోయినాడయ్యా." ఆ అవ్వ అడిగింది డబ్బు కాదు. పేరు రాసుకోమంది. దేవుడు హాగరుకు చేసిన మొదటి మేలు కూడా అదే కదా!

మూడవదిగా, ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటిపోకుండా ఎదుర్కొందాం. 16వ అధ్యాయంలో దూత హాగరుతో, నీ యజమానురాలి దగ్గరకు తిరిగి వెళ్ళి ఆమెకు అణిగి ఉండు అన్నాడు. ఈ వచనాన్ని పట్టుకొని కొందరు పెద్దలు, రాత్రివేళ ఏడుస్తూ ఫోను చేసిన కూతురికి, కోడలికి, సంఘ సహోదరికి ఏమని చెబుతున్నారు? ఓర్చుకో తల్లీ, అప్పు తీరేదాకా ఓర్చుకో, దేవుని వాక్యమే అలా చెబుతోంది అని. ప్రియులారా, దెబ్బలు తింటున్న స్త్రీకి, జీతం ఎగ్గొట్టబడిన స్త్రీకి, మానానికి భయపడుతున్న స్త్రీకి ఈ మాట చెప్పడానికి వాక్యం మనకు అధికారం ఇస్తోందా? వాక్యాన్ని వాక్యంతోనే పోల్చి చూద్దాం.

ఒకటి. దూత హాగరును తిరిగి పంపినప్పుడు ఆమె అరణ్యంలో గర్భవతి. కడుపులో బిడ్డ. తోడు లేదు, తిండి లేదు. ఆ స్థితిలో బిడ్డ బ్రదకడానికి ఒక ఇల్లు కావాలి. అయినా దేవుడు ఆమెను వట్టి చేతులతో పంపలేదు. ఆమె మొర విన్నానన్నాడు. పుట్టబోయే బిడ్డకు ఇష్మాయేలు అని పేరు పెట్టాడు. దేవుడు వింటాడు అని దాని అర్థం. ఆమె సంతానాన్ని లెక్కకు మించి విస్తరింపజేస్తానని వాగ్దానం చేశాడు. ఆ మాట అబ్రాముకు ఇచ్చిన వాగ్దానాన్ని పోలినది. దాసికి అలాంటి వాగ్దానం!

రెండు. 21వ అధ్యాయంలో హాగరు మళ్ళీ అరణ్యంలో ఉంది. ఈసారి పారిపోలేదు, వెళ్ళగొట్టబడింది. అబ్రాహాము తెల్లవారుజామునే లేచి రొట్టె, నీళ్ళ తిత్తి ఇచ్చి పంపివేశాడు. ఇన్ని సంవత్సరాల చాకిరికి ఆమె చేతికి వచ్చింది అంతే. బెయేర్షెబా అరణ్యంలో నీళ్ళు అయిపోయాయి. బిడ్డ చావు చూడలేక పొద కింద పడుకోబెట్టి, విల్లు వేసినంత దూరం పోయి కూర్చుంది. దేవుడు బిడ్డ మొర విన్నాడు. ఆమె కన్నులు తెరిచాడు, నీళ్ళ ఊట కనబడింది. గమనించండి. ఈసారి దేవుడు ఆమెను ఆ ఇంటికి తిరిగి పొమ్మనలేదు. ఉన్నచోటనే ఊట చూపించాడు, ఆ బిడ్డకు తోడై ఉన్నాడు.

మూడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం 15, 16 వచనాలు తెరిచి మీ ఇంట్లో చదువుకొనండి. యజమాని దగ్గరనుంచి తప్పించుకొని నీ దగ్గరకు వచ్చిన దాసుణ్ణి అతనికి అప్పగించకూడదని, తనకు నచ్చిన ఊరిలో అతణ్ణి నివసింపనియ్యాలని, బాధపెట్టకూడదని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తోంది. పారిపోయిన దాసుణ్ణి తిరిగి అప్పగించాలనే చట్టాలు చుట్టుపక్కల రాజ్యాలలో ఉన్న కాలం అది. హమ్మురాబి చట్టమైతే అలాంటివాణ్ణి ఇంట్లో దాచినవానికి మరణశిక్ష అంది. ఆ కాలంలో ఇశ్రాయేలు దేవుడు వేరుగా మాట్లాడాడు. ఎందుకు? ఆ ప్రజలే ఐగుప్తు దాస్యంలోనుంచి తప్పించుకొని వచ్చినవారు గనుక.

కాబట్టి, ప్రియ సహోదరీ, నిన్ను కొట్టే ఇంట్లో ఉండి తీరాలని దేవుడు నీకు ఆజ్ఞాపించడం లేదు. కువైట్‌లో మన భారత రాయబార కార్యాలయంలో ఇల్లు విడిచి వచ్చిన స్త్రీల కోసం ఆశ్రయ గృహం ఉంది. అక్కడికి చేరడం పాపం కాదు. నీవు చేరిన దినాన నీ సంఘం నీ పక్షంగా ఉండాలి. ఇంటి దగ్గర ఉన్న తల్లిదండ్రులారా, భర్తలారా, అప్పు పెద్దదే. ప్రాణం అంతకంటె పెద్దది.

నాలుగవదిగా, తిరిగి వచ్చినవారిని మనం ఎలా చేర్చుకుంటున్నాం? నయోమి మోయాబునుంచి బేత్లెహేముకు తిరిగి వచ్చినప్పుడు ఊరంతా కదిలింది. నిండుగా వెళ్ళాను, వట్టి చేతులతో వచ్చాను అని ఆమె చెప్పుకుంది. ఆ ఊరి స్త్రీలు ఆమెను వెలివేయలేదు. చివరికి రూతుకు బిడ్డ పుట్టినప్పుడు వారే వచ్చి దేవుణ్ణి స్తుతించి, ఆ బిడ్డకు పేరు పెట్టారు. మన పల్లెల సంగతి ఏమిటి? కువైట్ నుంచి బంగారు గాజులతో వచ్చిన సహోదరికి ముందు వరుసలో కుర్చీ వేస్తాం. ఆమె కానుకతో మందిరానికి ఫ్యాన్లు వచ్చాయి, మైకు వచ్చింది, గోడకు సున్నం వచ్చింది. అదే సహోదరి క్షమాభిక్షలో, ఒక్క సంచితో, జీతం బకాయి వదులుకొని వస్తే? అక్కడ ఏం చేసిందో ఏమో అని గుసగుసలు. ఆ గుసగుస ఆమెను రెండవసారి అరణ్యంలోకి తోస్తుంది. దేవుని మందిరానికి ఆమె దినార్లు పవిత్రమైతే, ఆమె కన్నీళ్ళు అపవిత్రమా? సంఘ పెద్దలారా, ఈ ప్రశ్నకు మనం ప్రభువు ఎదుట జవాబు చెప్పాలి.

భర్తలతో ఒక మాట. నీ భార్య పంపిన డబ్బు ఆమె రక్తం. నెల మొదట్లో బ్యాంకు దగ్గర నిలబడి తీసుకొని, సాయంత్రానికి సారాయి అంగడికి పోసేవాడు అన్యాయపు కఫీల్ కంటె దేనిలో మేలు? ఆమె అప్పు తీర్చమని పంపింది, పిల్లల ఫీజు కట్టమని పంపింది. లెక్క రాసి పెట్టు. ఆమె వచ్చిన దినాన ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టు. అదే నీవు ఆమెకు పెట్టే నగ.

పిల్లలను సాకుతున్న అవ్వలారా, తాతలారా, మీ శ్రమ దేవునికి తెలుసు. అమ్మ డబ్బు కోసం పోయింది అని బిడ్డతో చెప్పకండి. నీ కోసం పోయింది, నీ పేరు చెప్పి దినమూ ప్రార్థన చేస్తోంది అని చెప్పండి. సండే స్కూల్ టీచర్లారా, మీ తరగతిలో ఏ బిడ్డ తల్లి గల్ఫ్‌లో ఉందో మీకు తెలిసి ఉండాలి. ఆ బిడ్డ అల్లరి వెనుక ఏముందో అర్థమవుతుంది.

అయిదవదిగా, మన ఇంటి గడప లోపల చూసుకుందాం. శారయి కూడా ఒకప్పుడు పరదేశి. ఐగుప్తులో ఫరో ఇంటికి తీసుకుపోబడి, నోరెత్తడానికి వీలులేని పరాయి స్త్రీగా భయంతో ఉన్నది ఆమెయే. అదే శారయి తన ఇంటికి వచ్చిన ఐగుప్తు స్త్రీని శ్రమపెట్టింది. పరదేశి బాధ తెలిసినవారు కూడా పరదేశిని బాధపెట్టగలరు. ఇది మన కోసం వ్రాయబడింది. ఉత్తరాదినుంచి మన ఊళ్ళకు కట్టడం పనులకు, హోటళ్ళలో పనికి వచ్చిన కుర్రవాళ్ళు ఉన్నారు. వారికి మనం కఫీల్ కాదా? సూర్యాస్తమయానికి ముందే కూలివాని కూలి ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతోంది. మన ఇంట్లో పాచిపని చేసే ఆమె జీతం ఈ నెల ఏ తేదీన ఇచ్చాం? ఆమె పేరు మనకు తెలుసా? మన మధ్యకు సువార్త కూడా పరదేశుల ద్వారానే వచ్చింది. 1822లో లండన్ మిషన్ వారు కడపలో పని ప్రారంభించారు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషన్ వారి ప్రయాసకు గుర్తు. పరదేశిని చేర్చుకొన్న నేల ఇది. శిశువైన మన ప్రభువు కూడా హేరోదు కత్తికి తప్పించుకొని, రాత్రివేళ తల్లి ఒడిలో ఐగుప్తుకు పోయినవాడు. ఆ కుటుంబాన్ని ఐగుప్తు సరిహద్దులో ఎవరైనా ఆపివేసి ఉంటే? ఆలోచించండి.

చివరిగా, ప్రార్థనతో పాటు చేయవలసిన కొన్ని పనులు చెబుతాను. వీటిని ఆత్మీయం కానివని అనుకోవద్దు. దేవుడు హాగరుకు ఊట చూపాడు, తిత్తి నింపుకున్నది ఆమె.

ప్రతి సంఘంలో ఒక పుస్తకం పెట్టండి. విదేశాలకు వెళ్ళిన ప్రతివారి పేరు, పాసుపోర్టు నకలు, ఒప్పంద పత్రం నకలు, పని చేసే ఇంటి చిరునామా, కఫీల్ ఫోను నంబరు అందులో ఉండాలి. ఆపద వచ్చినప్పుడు మొదట అడిగేది ఈ కాగితాలే. ఆ పుస్తకం పెద్దల దగ్గర భద్రంగా ఉండాలి, ఊరందరి చేతికీ పోకూడదు.

వెళ్ళాలనుకునేవారు, ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూపించుకొనండి. చదువు రాకపోతే మీ సంఘ యౌవనస్థులు చూసిపెడతారు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా ముప్పై వేల రూపాయలు, దాని మీద పన్ను, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు అడగండి. పనికి పోతూ విజిటింగ్ వీసా మీద విమానం ఎక్కవద్దు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేండ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల రూపాయల బీమా ఉంటుంది. వలస అనుమతితో వెళ్ళేవారికి అది తప్పనిసరి. అనుమతి లేకుండా దొడ్డిదారిన పోయినవారికి ఆ నీడ కూడా లేదు.

కష్టంలో ఉన్నవారి కోసం విదేశాంగ శాఖవారి మదద్ అనే ఫిర్యాదుల పద్ధతి ఉంది. మన రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. ఫిర్యాదు వ్రాయడం రాని తల్లికి వ్రాసి ఇవ్వడం కూడా సేవయే. క్షమాభిక్ష ప్రకటించారని తెలిస్తే ఆదివారమే మందిరంలో చదివి వినిపించండి. గడువు తేదీ తెలియక మిగిలిపోయినవారు ఉన్నారు.

యౌవన స్త్రీలారా, మీ ఆడపిల్లలను పదవ తరగతి పాసు చేయించండి. ఆ ఒక్క సర్టిఫికెట్టు పాసుపోర్టు మీద ముద్రను మారుస్తుంది. అంతకంటె ముఖ్యంగా, ఒప్పంద పత్రం తానే చదువుకొనే బలం ఇస్తుంది. అసలు పోవలసిన అవసరమే లేకుండా చేయవచ్చు.

ప్రియ శ్రోతలారా, రాజ్యాల నియమాలు మారుతూ ఉంటాయి. ఒక ఏడు తెరిచిన తలుపు మరొక ఏడు మూస్తారు. ఆ తలుపులు మన చేతిలో లేవు. మన ఇంటి తలుపు, మన సంఘం తలుపు మన చేతిలో ఉన్నాయి. హాగరు ఆ అరణ్యంలో దేవునికే ఒక పేరు పెట్టింది. తనను చూచే దేవుడని దాని భావం. ఆ బావికి కూడా ఆ పేరే నిలిచింది. గ్రంథంలో దేవునికి అలా పేరు పెట్టిన మొదటి మనిషి రాజు కాదు, ప్రవక్త కాదు. పరాయి దేశంలో పని చేసిన ఒక పనిమనిషి. ఈ రాత్రి గడియ వేసిన గదిలో ఉన్న సహోదరీ, ఆయన నిన్ను చూస్తున్నాడు. నీ పేరు ఆయనకు తెలుసు.

ప్రార్థన చేసుకుందాం.

మమ్మును చూచుచున్న తండ్రీ, కువైట్‌లో, సౌదీలో, దుబాయిలో, అమెరికాలో ఉన్న మా బిడ్డలను నీ చేతికి అప్పగించుకుంటున్నాము. ఆకామా లేక దాక్కున్నవారికి దారి చూపించుము. జీతం అందనివారికి న్యాయం తీర్చుము. నియమాలు వ్రాసే అధికారుల కళ్ళకు ఆ నియమం కింద ఉన్న తల్లిని, బిడ్డను కనబడనిమ్ము. మోసం చేసే ఏజెంట్ల మనస్సు మార్చుము. ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న అవ్వలకు బలం, పిల్లలకు తోడు దయచేయుము. వట్టి చేతులతో వచ్చినవారిని నిండు చేతులతో చేర్చుకొనే సంఘాలుగా మమ్మును చేయుము. ఐగుప్తులో పరదేశిగా ఉండిన మా ప్రభువైన యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.